వక్క పొట్లము – నోటిలోని చెలిమెలు



మిరపకు బొబ్బర తెగులు కనబడితే మీరు మమ్మల్ని పిలిపిస్తారు. ఈ పూట చెప్పబోయేది పంటకు వచ్చే తెగులు కాదు, పండించే మనిషి నోటికి పట్టే తెగులు. ఇది మా శాఖ పని కాదని కొందరనవచ్చు. అననివ్వండి. జనగామ పత్తి చేలల్లో, మహబూబాబాదు మిరప తోటల్లో, భూపాలపల్లి పొలాలగట్ల మీద చించి పారేసిన పొట్లాలు రోజూ చూస్తూ ఊరకుండుట నా వల్ల కాదు.

మన నోటిలో ఉమ్మి ఊరే పెద్ద గ్రంథులు మూడు జతలున్నవి: చెవుల ముందర, దవడ కింద, నాలుక కింద. ఇవి గణపురం చెరువు వంటివి. ఇవి గాక పెదవుల లోపల, బుగ్గలలో, అంగిట్లో చిన్న గ్రంథులు 600 నుండి 1000 వరకు ఉంటవి. ఇవి వాగు ఇసుకలో తోడుకునే చెలిమెల వంటివి. మొత్తం ఉమ్మిలో వీటి వంతు పదోపాలుకు మించదు. కాని నోటికి జిగురు, నునుపు ఇచ్చేది చాలామట్టుకు ఇవే. నిద్రలో చెరువుల తూములు దాదాపు మూతపడినా చెలిమెలు ఊరుతూనే ఉంటవి.

వక్కలో అరెకోలిన్ అనే పదార్థమున్నది. అది పైపొర కింద నారను అవసరానికి మించి పెంచుతుంది. వక్కలోని రాగి ఆ నారను మరింత బిగిస్తుంది. చిన్న గ్రంథులుండేది సరిగ్గా ఆ చోటనే. నార చుట్టుకొని వాటిని నొక్కుతుంది. రక్తనాళాలు సన్నబడతవి, గ్రంథులు ముడుచుకుపోతవి, సన్నని కాలువలు పూడి జిగురు లోపలే నిలుస్తుంది. మొదట్లో కొందరికి ఉమ్మి ఎక్కువ ఊరినట్లే ఉంటుంది, దానితో మోసపోతారు. తరువాత నోరెండుతుంది. తన చేతి మిరపకాయ తానే తినలేనంత మంట పుడుతుంది. ఒకప్పుడు మిరపకారమే దీనికి కారణమని అనుమానించారు. ఇప్పుడు తేలిన ముఖ్య దోషి వక్క.

ఆనక నోరు తెరుచుకోదు. మూడు వేళ్ళు నిలువుగా పట్టవలసిన నోట రెండే పడితే జాగ్రత్త పడవలె. ఒక వేలైతే అన్నం ముద్ద పెట్టుకోవడమే కష్టం.

1952లో తూర్పు ఆఫ్రికాలోని భారతీయ స్త్రీలలో ష్వార్ట్జ్ అనే వైద్యుడు దీన్ని వర్ణించాడు. దీని పేరు ఓరల్ సబ్‌మ్యూకస్ ఫైబ్రోసిస్. కేరళలోని ఎర్నాకుళం జిల్లాలో 66 మంది రోగులను 17 ఏండ్లు గమనించి 1985లో ఫలితం ప్రకటించారు. వారిలో 5గురికి నోటి కేన్సరు వచ్చింది.

"నాది ఉత్త వక్కేనండీ, పొగాకు లేదు" అంటారు కొందరు. నార పెంచేది ఆ వక్కే మరి! పొగాకు కలపరాదని ఆహార నిబంధనలు 2011లోనే వచ్చినవి. అంగళ్ళలో వక్క ఒక పొట్లము, పొగాకు ఒక పొట్లముగా అమ్మితే నోట్లో రెండూ కలవవా?

మానితే పట్టిన నార పూర్తిగా పోదు, కాని ముదరడం తగ్గే అవకాశమున్నది. తొలిదశలో నోటి వ్యాయామాలు, సూదిమందులతో ఉపశమనముంటుంది, ముదిరితే శస్త్రచికిత్స. కూలీలకు చాయతో పాటు పొట్లము తెప్పించే ఆసాములుంటే, బదులు బెల్లం, పల్లీలు పెట్టండి. అద్దం ముందు నిలబడి ఈ రాత్రే వేళ్ళు పెట్టి చూసుకోండి. పట్టకపోతే దగ్గరి ప్రభుత్వ దవాఖానలో పళ్ళ డాక్టరుకు చూపించండి, వరంగల్లు ఎం.జి.ఎం.కైనా వెళ్ళండి. ఎన్నేండ్లుగా, రోజుకెన్ని పొట్లాలు నమిలారో దాచకుండా చెప్పండి.