మెంబర్ ఆపా అడిగిన ప్రశ్న
(కొత్తగా ఎన్నికైన మహిళా సర్పంచుల సదస్సులో ఒక మాజీ సర్పంచ్ చేసిన ప్రసంగ పాఠం)



బంగ్లాదేశ్ వెళ్లొచ్చిన సంగతులు చెప్పమన్నారు. చూసింది చూసినట్టు చెబుతాను.

2019 జనవరిలో నేను మా ఊరి సర్పంచ్‌గా గెలిచాను. మహిళలకు రిజర్వు చేసిన సీటు. ఆ ఏడాది చివర్లో ఒక స్వచ్ఛంద సంస్థ మాలో ఎనిమిది మందిని బంగ్లాదేశ్ తీసుకెళ్లింది. అక్కడి స్థానిక ప్రభుత్వాల్లో పనిచేసే ఆడవాళ్లను కలిసి, వాళ్ల అనుభవం విని, మనది చెప్పి రావాలని ఉద్దేశం. విమానం సంగతులు, ఢాకా ట్రాఫిక్ సంగతులు భోజనాల దగ్గర చెప్పుకుందాం.

మన గ్రామపంచాయతీ లాంటిది అక్కడ యూనియన్ పరిషత్తు. కొన్ని ఊళ్లు కలిస్తే ఒక యూనియన్. ఒక చైర్మన్, తొమ్మిది వార్డులకు తొమ్మిది మంది మెంబర్లు, ఆడవాళ్లకు విడిగా మూడు సీట్లు. పూర్వం ఆ మూడూ నామినేషన్‌తో నింపేవారు. 1997లో తొలిసారి వాటికి ప్రజలు నేరుగా ఓట్లేశారు. 12 వేలకు పైగా ఆడవాళ్లు గెలిచారు.

అయితే ఆ సీటు ఒక్కొక్కటి మూడేసి వార్డులకు కలిపి. మగ మెంబరు ఒక వార్డు తిరిగితే ఈమె మూడు తిరగాలి. గెలిచాక చూస్తే ఆ మూడు వార్డులకూ ముగ్గురు వార్డు మెంబర్లు ఉండనే ఉంటారు, వాళ్లలో దాదాపు అందరూ మగవాళ్లే. 2009 చట్టం ప్రకారం వార్డు సభకు అధ్యక్షత ఆ వార్డు మెంబరుది. ఈమె సలహాదారు. మూడుచోట్ల సలహాదారు, ఒక్కచోటా అధ్యక్షురాలు కాదు!

మేం కలిసిన ఒకావిడను ఊరంతా మెంబర్ ఆపా అంటారు. ఆపా అంటే అక్క, మన దగ్గరి ముస్లింలు పిలిచినట్టే. నాది మా ఊరి ఉర్దూ, ఆమెది సినిమాలు చూసి నేర్చిన హిందీ. ఎట్లాగో కుదిరింది. ఓట్లడిగేటప్పుడు మూడు వార్డులూ నావే, రోడ్డు వేసేటప్పుడు ఒక్కటీ నాది కాదు అని నవ్వింది.

మేం ఊరుకుంటామా? మా దగ్గర సగం సీట్లు ఆడవాళ్లవి, సర్పంచ్ కుర్చీల్లో కూడా సగం మావే, చెక్కు మీద సంతకం నాదే అని గొప్పగా చెప్పాను.

"ఒక్కరే పెడతారా?" అంది.

2018 చట్టంతో ఉపసర్పంచ్ సంతకం కూడా కావాలని చెప్పాను.

"అయినా మీది లేకుండా డబ్బు కదలదు కదా. మీరు వారం రోజులుగా మా దేశంలో ఉన్నారు. అక్కడ పనులు ఆగిపోయాయా?"

నాకు జవాబు రాలేదు. పక్కనున్న మా వాళ్లు కూడా తల వంచుకున్నారు. బయలుదేరే ముందురోజు రాత్రి నేను ఐదు ఖాళీ చెక్కుల మీద సంతకాలు పెట్టి మా ఆయన చేతికిచ్చి వచ్చాను. ఆయన అడగను కూడా అడగలేదు. నేనే ఇచ్చాను. పది నెలలుగా పంచాయతీ లెక్కలన్నీ ఆయనా ఉపసర్పంచూ చూసుకుంటుంటే, అది నాకు సాయం అనుకున్నాను.

ఆపా నన్ను ఎగతాళి చేయలేదు. ఆమె చెప్పిందొకటే. పరిషత్తు సమావేశం రిజిస్టరులో పైన ఏం రాశారో చదివి వినిపించేదాకా ఆమె సంతకం పెట్టదట. అందుకు ఆమెను గయ్యాళి అంటారట. అధికారం లేని మెంబరు అంత పట్టుదలగా ఉంటే, ఉన్న నేను పంచిపెట్టి వచ్చాను.

ఇంటికి రాగానే చెక్కులు అడిగాను. "నా మీద నమ్మకం లేదా?" అన్నాడాయన. నమ్మకం సంగతి కాదు, రేపు ఆడిట్‌లో తేడా వస్తే రికవరీ నోటీసు నా పేరున వస్తుంది, నీ పేరున రాదు అన్నాను. నాలుగు రోజులు ఇంట్లో మాటల్లేవు. ఐదో రోజు మూడు చెక్కులు బల్లమీద పెట్టి వెళ్లాడు. మిగతా రెండూ అప్పటికే వాడేశారు. ఒకటి వీధి దీపాల బిల్లు. రెండోది దేనికో తెలుసుకోవడానికి నాకు పదకొండు రోజులు పట్టింది. మురికికాలువ పూడిక తీత. ఆ కాలువ దగ్గరికి నేనే స్వయంగా వెళ్లి చూశాను. పూడిక అలాగే ఉంది.