రాసే గంట, పోస్టు చేసే గంట



మన ఎ.కొండూరు, తిరువూరు, విస్సన్నపేట, గంపలగూడెం ఊళ్లల్లో పాటలు కట్టేవాళ్లున్నారు, ధ్యానాలు రాసేవాళ్లున్నారు. ఆదివారం చెప్పిన వాక్యాన్ని కాస్త సాపుచేసి ఫేస్‌బుక్‌లో పెట్టే అయ్యగార్లూ ఉన్నారు. ఈ నాలుగు మాటలు ముఖ్యంగా వాళ్లకోసం.

ఎవర్ని కదిలించినా “రాయడానికి టైమెక్కడిదండీ” అంటారు. టైముంది. లేవగానే వాగ్దానం కార్డు తయారుచేసి ఉన్న గ్రూపులన్నింట్లో పెట్టడం, ఎన్ని ‘ఆమేన్’లు వచ్చాయో చూసుకోవడం, స్టేటస్ ఎవరెవరు చూశారో వేలితో కిందికి జరుపుకుంటూ పోవడం, ఇంకో సంఘం వాళ్లు బాప్తిస్మం గురించి పెట్టిన వీడియో కింద వాదనకు దిగడం... తలెత్తేసరికి ఎండెక్కుతుంది. ఆ పూటకి రాత అయిపోయినట్టే. చివరిదానికైతే టైమే కాదు, మనశ్శాంతి కూడా పోతుంది. ఆ వాదనల్లో మనసు మార్చుకున్నవాణ్ణి నేనింతవరకూ చూడలేదు.

మార్కు సువార్త మొదటి అధ్యాయం గుర్తుచేసుకోండి. ఇంకా చీకటుండగానే యేసు లేచి, ఎవరూ లేని చోటికి వెళ్లి ప్రార్థన చేసుకుంటున్నాడు. సీమోను వాళ్లు వెతుక్కుంటూ వచ్చి, అందరూ నీకోసమే చూస్తున్నారన్నారు. ఆ అందరిలో నిజంగా ఆయన అవసరం ఉన్నవాళ్లూ ఉండే ఉంటారు. అయినా ఆయన పక్క ఊళ్లకు పోదాం పదండన్నాడు. తను వచ్చిన పనేమిటో ఆయనకు తెలుసు. పొద్దున్నే మన ఫోనులో మోగేవాటిలో నిజంగా మనకోసం వెతుక్కుంటూ వచ్చినవెన్ని?

నేను చెప్పదలచింది ఇదే: రాయడం వేరు, రాసింది మోసుకెళ్లడం వేరు. పౌలు రోమా పత్రిక చెబుతుంటే రాసిపెట్టింది తెర్తియు. కొలొస్సయి ఉత్తరం పట్టుకెళ్లింది తుకికు. సంకెళ్లలో ఉన్నవాడు ఊరూరా తిరిగి తన ఉత్తరం తనే చదివి వినిపించగలడా? మీ సంఘంలోనూ తుకికులున్నారు. రీల్ ఎలా కత్తిరించాలో, యూట్యూబ్‌లో టైము పెట్టి ఎలా వదలాలో మీకంటే బాగా తెలిసిన డిగ్రీ కుర్రాళ్లున్నారు, అమ్మాయిలున్నారు. వాళ్లను నమ్మండి. అలాంటి మనిషి దొరక్కపోతే వారంలో ఒక పూట, పాస్టర్లకు సోమవారం కాస్త తీరిక కదా, కూర్చుని ఆ వారం పోస్టులన్నీ ఒక్కసారే పెట్టేయండి. ఫేస్‌బుక్ పేజీలో, యూట్యూబ్‌లో ఫలానా రోజు ఫలానా వేళకు వెళ్లేలా ముందే ఏర్పాటు చేసుకోవచ్చు.

పదునున్నప్పుడే విత్తాలని మన రైతులకు ఎవరూ చెప్పక్కర్లేదు. మీ బుర్ర పదునుగా ఉండే గంట ఏదో మీకే తెలియాలి. కొందరికి తెల్లవారుజాము, కొందరు అక్కయ్యలకు పిల్లల్ని బడికి పంపాక దొరికే కాస్త వేళ. ఆ గంట రాతకే. కాగితం మీద రాయండి, ఫోను పక్కగదిలో పెట్టండి. జవాబులు సాయంత్రం, అదీ ఒక్కసారే.

వాట్సాప్ స్టేటస్ ఆయుష్షు 24 గంటలు. పురుషోత్తమ చౌదరి గారు 1890లో కన్నుమూశారు, ఆయన కీర్తనలు మన ఆరాధనల్లో ఇంకా పాడుతూనే ఉన్నాం. జాషువా గారి ‘క్రీస్తు చరిత్ర’కు 1964లో కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం వచ్చింది. నోటిఫికేషన్‌కీ నోటిఫికేషన్‌కీ మధ్య దొరికిన అయిదు నిమిషాల్లో అలాంటి కావ్యం పుడుతుందా?

మరి కామెంట్లన్నీ పక్కన పెట్టేయమంటారా అని అడుగుతారేమో. లేదు. మన ఎ.కొండూరు మండలం తండాల్లో ఎంతోమంది కిడ్నీ జబ్బుతో బాధపడుతున్న సంగతి మీకు నేను చెప్పక్కర్లేదు. డయాలసిస్ అంటే వారానికి రెండుమూడు సార్లు ప్రయాణం, వెళ్లినప్పుడల్లా నాలుగేసి గంటలు మిషను పక్కన. మీ పోస్టు కింద ఒకామె “మా ఆయన కోసం ప్రార్థన చెయ్యండి అయ్యగారూ” అని రాసిందనుకోండి. దానికి దణ్ణం బొమ్మ పెట్టి ఊరుకుంటే అది జవాబు కాదు. ఫోను చెయ్యండి. దగ్గరైతే బండి తీసి వెళ్లండి. గ్రూపుల్లో మిగిల్చిన టైము ఇక్కడ ఖర్చు పెట్టండి, పోయిందేమీ లేదు.

వెళ్లొచ్చాక రాయడానికి కూర్చుంటే, కలం అంతకుముందు కదిలినట్టు కదలదు. ఎక్కడో పట్నంలో తయారైన వాగ్దానం కార్డు మన గుమ్మంలోకి దానంతటదే వస్తుంది, దాన్ని పంచడానికి మీరే అక్కర్లేదు. ఆసుపత్రి వరండాలో భర్త కోసం కాచుకున్న ఆ తల్లి దేవుణ్ణి ఏమడుగుతోందో దగ్గరుండి విన్నవాళ్లే రాయాలి. అయితే పేరు రాయొద్దు, ఫొటో తీయొద్దు, మంచం పక్కనుంచి లైవ్ అసలే వద్దు. రాసింది ముందు ఆ ఇంటివాళ్లకే చదివి వినిపించండి. వద్దంటే, ఎంత బాగా కుదిరినా సరే, పోస్టు చెయ్యకండి.