చాందా కోట: రాజు ఇల్లు జైలైన కథ

 

కాగజ్‌నగర్‌లో రైలెక్కి వార్ధా నది దాటితే బల్లార్షా, దాని తర్వాత చంద్రాపూర్. మీలో చాలామంది మహంకాళి జాతరకో, పెళ్లిళ్లకో ఆ ఊరు పోయే ఉంటారు. ఆటోలో జట్‌పురా దర్వాజ కింద నుంచి పోయి ఉంటారు. ఎప్పుడైనా తల ఎత్తి చూసిండ్రా? దర్వాజకు అటూ ఇటూ రాతిలో ఏనుగు మీద సింహం చెక్కి ఉంటది. అది గోండు రాజుల ముద్ర. ఈ రోజు ఆ కోట గురించే చెప్తా.

చంద్రాపూర్ పాత పేరు చాందా. గోండు రాజుల రాజధాని మొదట మన సిర్పూర్, తర్వాత బల్లార్‌పూర్, ఆ తర్వాత చాందా. 15వ శతాబ్దంలో ఖాండ్క్యా బల్లాల్ షా ఈ కోట మొదలుపెట్టిండని చెప్తారు. కథ మీరు వినే ఉంటారు: రాజుకు ఒళ్లంతా పుండ్లు, జర్‌పట్ వాగు నీళ్లతో మానినై. తర్వాత ఒకనాడు వేటలో కుందేలు కుక్కను తరిమింది, అవి పరుగెత్తిన దారి వెంటే గోడ కట్టించిండు. కథను కథగానే తీసుకోండి. గోడ మాత్రం నిజం. సుమారు 11 కిలోమీటర్ల చుట్టు, నాలుగు పెద్ద దర్వాజలు, ఐదు కిడికీలు. ఒక్క రాజు కాలంలో అయ్యే పని కాదది, తరాలు పట్టింది. అడవి మనుషులకు ఊరు కట్టడం రాదని ఎవరన్నా అంటే, వాళ్లను ఆ గోడ చుట్టూ ఒక్కసారి నడవమనండి.

1751లో నాగపూర్ భోంస్లేలు చాందాను కలిపేసుకున్నారు. చివరి రాజు నీలకంఠ్ షాను ఖైదు చేసిండ్రు. రాజు కూర్చున్న కోటలో మరాఠా కిల్లేదారు కూర్చున్నడు. 1818 మేలో ఇంగ్లీషోళ్లు ఫిరంగులు తెచ్చి, గోడకు గండి కొట్టి లోపలికి వచ్చిండ్రు. అప్పటిదాకా కోట అంటే ఊరికి కాపలా. ఫిరంగి ముందు ఆ పని అక్కడితో అయిపోయింది. 1853లో నాగపూర్ రాజు వారసుడు లేకుండా చనిపోతే ఆ రాజ్యమంతా కంపెనీ చేతికి పోయింది.

ఇక నాకు ఎక్కువ బాధ అనిపించే ముచ్చట చెప్తా. పనికిరాని కోటను తెల్లోళ్లు ఖాళీగా ఉంచలేదు. ఊరి లోపలి రాజకోటను జైలు చేసిండ్రు. మొలంపల్లి జమీందారు బాబూరావ్ షెడ్మాకే, గోండు యువకుడు, పాతికేళ్లవాడు, 1858లో జనాన్ని కూడగట్టి కంపెనీ మీద తిరగబడ్డడు. పట్టుకొని 1858 అక్టోబర్ 21న ఉరి తీసింది ఆ జైల్లోనే. తన జాతి రాజులు ఏలిన కోటలోనే, చూడండి. అక్కడి రావిచెట్టు దగ్గరే ఉరి తీసిండ్రని జనం చెప్తారు. ప్రతి ఏడాది ఆ రోజున మనోళ్లు పోయి దండం పెట్టి వస్తారు. జైలు ఇప్పటికీ జైలే. సర్కారు బోర్డు మీద "ప్రాచీన కట్టడం" అని రాసి ఉన్న గోడకూ, ఈ కథకూ సంబంధం ఉందని పక్కన చాయ్ తాగేవాళ్లలో ఎంతమందికి తెలుసు?

ఆ గోడకు కూడా కష్టాలు తక్కువ కాదు. ఆనుకుని ఇళ్లు లేచినై, బురుజుల మీద చెట్లు మొలిచినై, చెత్త పేరుకుంది. దర్వాజల కింద ఇప్పుడు లారీల హారన్లు. 2017లో ఆ ఊరి యువకులు కొందరు పొద్దుపొద్దున్నే పోయి, నెలల తరబడి పొదలు కొట్టి, చెత్త ఎత్తి శుభ్రం చేసిండ్రు. ఎవరో జీతమిస్తే చేసిన పని కాదది.

ఈసారి జాతరకు పోయినప్పుడు అంచలేశ్వర్ దర్వాజ దగ్గర దిగండి. పక్కనే బీర్ షా సమాధి ఉంటది. భర్త చనిపోయాక రాణి హిరాయి కట్టించింది. మహంకాళి గుడి కూడా ఆమె కట్టించిందే. అక్కడ కూర్చొని పెద్దోళ్లను అడగండి, ఫోన్లో రికార్డు చేయండి. గోండీలో చెప్తే గోండీలోనే రాసుకోండి.