వీపు ఎటు, పొట్ట ఎటు?

గుండ్రటి గుడ్డు నుంచి పెరిగే పిండంలో వీపు ఎటుండాలో, పొట్ట ఎటుండాలో ఎవరు నిర్ణయిస్తారు?

జర్మనీలోని ఫ్రైబర్గ్‌లో హాన్స్ స్పేమాన్ శిష్యురాలు హిల్డే మాంగోల్డ్ ఈ ప్రశ్నకు దారి చూపారు. న్యూట్ అనే చిన్న ఉభయచరం పిండం నుంచి, వీపు ఏర్పడబోయే చోట చిటికెడు ముక్క కోసి, ముదురు రంగు జాతి పిండానికి పొట్టవైపు అతికించారు. అక్కడ రెండో వెన్ను మొలిచింది! విశేషమేమంటే, ఆ కొత్త నాడీ గొట్టంలో చాలా కణాలు ముదురు రంగువే. అంటే అతికించిన ముక్క పక్క కణాల తలరాతనే మార్చింది. 1924లో ఆ పరిశోధన అచ్చయింది. ఆ ఏడాదే ఆమె అగ్నిప్రమాదంలో కన్నుమూశారు. 1935లో నోబెల్ స్పేమాన్‌ను వరించింది. ఆమెను తలచుకోకుండా ఈ కథ చెప్పడం అన్యాయం.

ఆ ముక్క ఏం చేసిందో 1990లలో కప్ప పిండాల్లో తేలింది. బీఎంపీ అనే ప్రోటీన్ కణాలను పొట్టవైపు లక్షణాలకు మళ్లిస్తుంది. వీపువైపు కణాలు కార్డిన్, నాగిన్ అనే ప్రోటీన్లను స్రవిస్తాయి. ఇవి బీఎంపీని కణాల వెలుపలే పట్టేసుకుని, కణం మీది గ్రాహకాన్ని తాకనివ్వవు. బీఎంపీ అణిగిన చోట పైపొర చర్మం కావడం మాని, మెదడు, వెన్నుపాము అవుతుంది.

పండ్ల ఈగలోనూ ఇలాంటి ప్రోటీన్ల జంటే ఉంది. కాకపోతే అక్కడంతా తిరగబడి, నాడీ వ్యవస్థ పొట్టవైపు ఏర్పడుతుంది.