బలి అయిపోయింది, బాకీ తీరలేదు
(తణుకులో చేసిన ప్రసంగ పాఠం)



బలి అంటే ఏమిటో మన పేటలకు ఎవరూ కొత్తగా చెప్పక్కర్లేదు. అమ్మవారి జాతరలో దున్నపోతును నరికిందెవరు? రక్తం కలిపిన పొలి కూడు నెత్తిన పెట్టుకుని అర్ధరాత్రి పొలిమేర తిరిగిందెవరు? మనవాళ్లే. ఊరికొచ్చిన కలరా, మశూచి పొలిమేర దాటాలంటే మాల కావాలి, మాదిగ కావాలి. తెల్లారితే మళ్లీ అంటరానివాళ్లమే. 1836లో ఈ దేశం వచ్చిన బౌడెన్, బీర్ దొరలు నర్సాపురం, పాలకొల్లు వైపు సువార్త మొదలుపెట్టారు. బలి ఒక్కసారే జరిగిపోయింది, ఇక ఏ బలీ అక్కర్లేదు అన్న మాట మన తాతలకు ఎంత విడుదలగా వినబడి ఉంటుందో ఆలోచించండి.

మరి ఆ మాటనే ఇవాళ మనకెలా చెబుతున్నారు? పేట మీద దెబ్బ పడుతుంది. రాజీకి కూర్చోబెడతారు. 'క్రీస్తు రక్తం అన్ని పాపాలూ కడిగేసింది కదా, మీరు క్రైస్తవులు కదా, క్షమించెయ్యండి, కేసు వెనక్కి తీసుకోండి' అంటారు. దెబ్బలు తిన్నవాడికే ఈ ప్రసంగం! కొట్టినవాడికి ఏ వాక్యమూ లేదా?

ఉంది. లేవీయకాండం తీసి చూడండి. ఆరో అధ్యాయం. అప్పగించిన సొమ్ము కాజేసినవాడు, దోచుకున్నవాడు, పొరుగువాణ్ణి పీడించి లాక్కున్నవాడు ఏం చెయ్యాలి? పొట్టేలును తోలుకుని తిన్నగా బలిపీఠం దగ్గరికి పోకూడదు. తీసుకున్నదంతా సొంతదారుకి ఇవ్వాలి. దానిమీద అయిదో వంతు కలిపి ఇవ్వాలి. బడిలో లెక్కలు చెప్పేవాళ్లం కాబట్టి లెక్క కట్టి చెబుతున్నాం: ఎకరం కాజేసినవాడు ఎకరం ఇరవై సెంట్లు ఇవ్వాలి! ఆ తరవాతే పొట్టేలు, ఆ తరవాతే ప్రాయశ్చిత్తం.

దేవుడికి రక్తం దాహం అనుకునేవాళ్లు అయిదో అధ్యాయం కూడా చదవాలి. గొర్రెపిల్ల కొనలేని బీదవాడు రెండు గువ్వలు తేవచ్చు. అదీ లేకపోతే కాస్త గోధుమపిండి చాలు. రక్తమే లేదు! యేసు పుట్టినప్పుడు మరియమ్మ యెరూషలేములో ఇచ్చింది ఆ పక్షుల కానుకే. ఆయనది బీదల ఇల్లు. ఆయన పెరిగి చెప్పిందేమిటి? నీమీద నీ సహోదరుడికి ఫిర్యాదు ఉంటే కానుకను బలిపీఠం ముందే వదిలిపెట్టు, ముందు అతని దగ్గరికి పో అన్నాడు. పోవలసింది ఎవరు? తప్పు చేసినవాడు. జక్కయ్య అన్యాయంగా తీసుకున్నదానికి నాలుగింతలు ఇస్తానన్నాకే ఆ ఇంటికి రక్షణ వచ్చింది.

ప్రాయశ్చిత్తం అన్న మాట మనువుకీ ఉంది. ఆయన లెక్క వేరు. బ్రాహ్మణ్ణి చంపితే పడే ప్రాయశ్చిత్తంలో పదహారో వంతు శూద్రుణ్ణి చంపితే. పిల్లినో, కప్పనో, కుక్కనో చంపినా శూద్రుణ్ణి చంపినదానికి చేసేదే! చచ్చినవాడి కులాన్నిబట్టి పాపం తూచే శాస్త్రం అది. అంబేడ్కర్ దాన్ని మహద్‌లో తగలబెట్టించింది 1927 డిసెంబరు 25న. క్రిస్మస్ రోజు.

ఇప్పుడు చుండూరు సంగతి. 1991 ఆగస్టు 6న ఎనిమిదిమందిని నరికి, శవాలను గోనెసంచుల్లో కుక్కి కాలవలో పడేశారు. ఆ ఊళ్లోనే పెట్టిన ప్రత్యేక కోర్టు 2007లో 21మందికి యావజ్జీవం వేసింది. 2014 ఏప్రిల్‌లో హైకోర్టు అందర్నీ వదిలేసింది. వాళ్లను పూడ్చిన చోటుకి రక్తక్షేత్రం అని పేరు. మత్తయి సువార్తలోనూ ఒక రక్తపు పొలం ఉంది. యేసును అమ్మిన వెండితో యాజకులు కొన్నది.

అందుకే అంటున్నాం, మనవాళ్ల చావుల్ని 'బలి' అనకండి. బలి అర్పించేది. హత్య చేసేది. క్రీస్తు తనంతట తాను ఇచ్చుకున్నాడు. చుండూరు కుర్రాళ్లు బతకడానికి పరుగెత్తారు. వాళ్ల రక్తం ఎవడి పాపానికీ వెల కాదు. చివరి బలి అయిపోయిందంటే, ఇక మనల్ని గొర్రెలుగా తోలే హక్కు ఎవడికీ లేదనే అర్థం.

క్షమించడం మనకు చేతకాక కాదు. కానీ క్షమాపణ చంపినవాడు అడిగి పుచ్చుకోవలసింది, మధ్యవర్తి మన మెడమీద రుద్దేది కాదు.

హెబ్రీ పత్రిక చివరి అధ్యాయం చెబుతోంది: పాపపరిహార బలి పశువుల కళేబరాలు పాళెం వెలుపల కాల్చేవారు, యేసు కూడా గుమ్మం వెలుపలే చచ్చిపోయాడు. మన పేట ఎక్కడుంది? ఊరి వెలుపలే. మరి ఆయన ఎవరి పక్కనున్నట్టు? వచ్చే గుడ్‌ఫ్రైడేకి అయ్యగార్లను ఈ ప్రశ్న అడగండి. రాజీకి పిలిచిన పెద్దల్ని ఇంకో ప్రశ్న అడగండి: తీసుకున్నదీ, దానిమీద అయిదో వంతూ ఎక్కడ?