మే డే ఎవరిది? పితూరీ ఎవరిది?

(అరకులోయలో విద్యార్థులు, ఉద్యోగుల మే డే సభలో చేసిన ప్రసంగ పాఠం)



పొద్దున జెండా ఎగరేశాం. ఈ పండుగ ఎవరిదని అడిగితే మాత్రం ముగ్గురు మూడు కథలు చెబుతారు.

1886 మే 1న చికాగో కార్మికులు ఎనిమిది గంటల పనిదినం కోసం పని ఆపారు. మూడు రోజులకు హేమార్కెట్‌లో బాంబు పేలింది. విసిరిందెవరో తేలకుండానే 1887 నవంబర్ 11న నలుగురిని ఉరితీశారు. నలుగురూ అరాచకవాదులు, ముగ్గురు జర్మనీ నుంచి బతుకుదెరువుకు వచ్చినవాళ్లు. అందుకని మే డే మాదేనంటారు అరాచకవాదులు. 1890 మే 1కి సమ్మె ముహూర్తం 1888లోనే పెట్టాం కదా అంటుంది అమెరికా కార్మిక సమాఖ్య. ఆ తేదీని ప్రపంచానికి ఇచ్చింది 1889 పారిస్ మహాసభ అంటారు మార్క్సిస్టులు. ఆ పారిస్‌లోనైనా ఒక్క సభ జరిగిందా? సోషలిస్టులు చీలిపోయి, ఒకే ఊళ్లో, ఒకే రోజుల్లో రెండు సభలు పెట్టుకున్నారు. సంఘాలు చీలడం మనకేమన్నా కొత్తా!

పారిస్ సభకు పదేళ్ల ముందు, 1879లో, మన తూర్పు కనుమల్లోనే రంప పితూరీ లేచింది. తన చెట్టు కల్లు తాను తాగాలంటే కొండవాడు మన్సబుదారుకు చిగురుపన్ను కట్టాలి. దానిమీద సర్కారు అబ్కారీ. కారం తమ్మన్నదొర, ద్వారబంధాల చంద్రయ్య తిరగబడ్డారు. ఈ కథకూ వారసులు చాలామందే. ముఠాదారుల హక్కుల గొడవ అని ఒకరు, స్వాతంత్ర్య సమరమని ఒకరు, రైతాంగ పోరాటమని ఇంకొకరు. ముఠాదారు కోపం పుస్తకాలకెక్కింది. అదే ముఠాదారుకు వెట్టి చేసిన రైతు కోపాన్ని ఎవరు రాశారు?

1922 సంగతీ అంతే. ఆగస్టు 22న చింతపల్లి ఠాణా మీద పడిన అల్లూరి సీతారామరాజు పేరు ప్రతి పిల్లవాడికీ తెలుసు, తెలియాలి కూడా. కానీ అంతకు ముందు బాస్టియన్ అనే డిప్యూటీ తహసీల్దారు మన్యంలో రోడ్డు పనికి గిరిజనులను బలవంతంగా తోలి, కూలి సరిగా ఇవ్వలేదు. అది కార్మిక సమస్య కాదా? గాం గంటందొర, మల్లుదొర పేర్లు మన మే డే ఉపన్యాసాల్లో ఎన్నిసార్లు విన్నాం? మల్లుదొర అండమాన్ జైలు చూసి వచ్చి, 1952లో లోక్‌సభకు కూడా ఎన్నికైనవాడు.

ఇక గొత్తి. అప్పు తీరేదాకా షావుకారు దగ్గర కట్టుబానిస. దాన్ని రద్దుచేస్తూ మద్రాసు సర్కారు నిబంధన తెచ్చింది 1940లో, అంటే చికాగో ఉరికి యాభై మూడేళ్లకు.

తమ్ముళ్లారా, ఈ వేసవి సెలవుల్లో మీ తాతను అడగండి. వాళ్ల నాయన గొత్తి చేశాడా, ఎంత అప్పుకు, ఎన్నేళ్లు? చెప్పింది చెప్పినట్టు, మీ కొండ భాషలోనే రాసుకు రండి.