సమీకరణము – రేఖాచిత్రము: ఒకే సత్యానికి రెండు రూపాలు
(ప్లాటినం జూబిలీ సభలో చేసిన ప్రసంగ పాఠం)



75 ఏండ్ల విద్యాలయపు పండుగనాడు గతాన్ని స్మరించుకోవడం సహజం. అయితే తరగతి గదిలో ఒక బిడ్డ ముఖాన ‘అర్థమైంది’ అన్న వెలుగు కనిపించిన క్షణమే పాఠశాలకు అసలైన పండుగ. ఆ వెలుగు త్వరగా రాదని పేరుపడిన పాఠం ఒకటి ఈ ప్రసంగానికి విషయం. అది బీజగణితంలోని సమీకరణము, దాని రేఖాచిత్రము.

గ్రాఫు కాగితం, సన్నగా చెక్కిన పెన్సిలు, ఎక్స్ అక్షం, వై అక్షం పూర్వ విద్యార్థులకు గుర్తుండే ఉంటాయి. మూడు విలువలకు పట్టిక వేయడం, మూడు బిందువులు గుర్తించడం, స్కేలుతో కలపడం అందరూ నేర్చుకుంటారు, మార్కులూ వస్తాయి. కాని వై = 2ఎక్స్ + 3 అను సమీకరణానికి చక్కని సరళరేఖ గీసిన విద్యార్థిని ‘(10, 23) అనే బిందువు ఈ రేఖపై ఉంటుందా?’ అని అడిగితే, కాగితం చాలలేదని చెప్పవచ్చు. లేదా స్కేలు పెట్టి రేఖను పొడిగించ చూడవచ్చు. 10ని రెట్టింపు చేసి 3 కలిపితే 23 వస్తుంది కనుక ఆ బిందువు రేఖపైనే ఉంటుందని చెప్పగలిగిన నాడే ఆ విద్యార్థికి పాఠం వచ్చినట్లు లెక్క.

ఈ పాఠపు సారమంతా రెండు వాక్యాలలో ఇమిడి ఉన్నది. సమీకరణాన్ని తృప్తిపరచే ప్రతి సంఖ్యల జత రేఖపై ఒక బిందువు అవుతుంది. రేఖపైనున్న ప్రతి బిందువూ సమీకరణాన్ని తృప్తిపరచే ఒక జతను తెలుపుతుంది. ఈ రెండింటిలో ఏ ఒక్కటి మరచినా గ్రాఫు బొమ్మగానే మిగిలిపోతుంది.

ఈ సంబంధం మానవజాతికి సులభంగా చిక్కలేదు. బ్రహ్మగుప్తుడు 628లోనే వర్గ సమీకరణాల సాధన చెప్పాడు. 12వ శతాబ్దిలో భాస్కరాచార్యుడు తన ‘బీజగణితం’లో అవ్యక్త రాశులను యావత్తావత్తు, కాలకము, నీలకము, పీతకము అని వ్యవహరించాడు. ఒక్క యావత్తావత్తు తప్ప మిగిలినవి రంగుల పేర్లు. సమీకరణాన్ని వక్రరేఖతో ముడివేసిన పద్ధతి మాత్రం 17వ శతాబ్దిలో ఫ్రాన్సు దేశపు డెకార్టె, ఫెర్మా అను ఇరువురి కృషి వలన రూపొందింది. డెకార్టె గ్రంథం 1637లో వెలువడింది. శతాబ్దాల తరువాత దొరికిన ఈ వంతెనను ఒక్క వారంలో దాటమని పిల్లలను తొందరపెట్టడం న్యాయం కాదు.

పాఠాన్ని ఇంటి ముంగిటికి తెచ్చుకుంటే అది తేలికవుతుంది. ఒక ఇంట పెండ్లి కుదిరింది, శుభలేఖలు వేయించాలి అనుకొందాం. మొదటి ప్రెస్సువారు కూర్పు ఖర్చు 300 రూపాయలు, ఆపై ఒక్కొక్క శుభలేఖకు 2 రూపాయలు అన్నారు. రెండవ ప్రెస్సువారు కూర్పుకు 100, శుభలేఖకు 4 రూపాయలు అన్నారు. శుభలేఖల సంఖ్య ఎక్స్, మొత్తం ఖర్చు వై అయితే, మొదటిది వై = 2ఎక్స్ + 300; రెండవది వై = 4ఎక్స్ + 100. ఒక్క శుభలేఖ అయినా అచ్చు కాకముందే చెల్లించవలసిన మొత్తం వద్ద ప్రతి రేఖా వై అక్షాన్ని తాకుతుంది. శుభలేఖ ఒక్కింటి ధరయే ఆ రేఖకు వాలు. రెండు రేఖలూ (100, 500) వద్ద ఖండించుకుంటాయి. 100 శుభలేఖలకు ఇద్దరి వద్దా 500 రూపాయలే. అంతకు తక్కువైతే రెండవ ప్రెస్సు, ఎక్కువైతే మొదటి ప్రెస్సు లాభం. సాధన ఒక్క బిందువును చెప్పగా, గ్రాఫు ఆ బిందువుకు ఇరువైపులా ఏమి జరుగుతున్నదో కూడ చూపుతుంది. మూడవ ప్రెస్సువారు కూర్పుకు 150, శుభలేఖకు 2 రూపాయలు అంటే, ఆ రేఖ మొదటి రేఖకు సమాంతరం. అవి ఎన్నడూ కలియవు. ఆ జతకు సాధన లేదు.

వర్గ సమీకరణాలలోనూ ఇదే వెలుగు. వై = ఎక్స్² − 4ఎక్స్ + 3 యొక్క పరావలయం ఎక్స్ అక్షాన్ని 1, 3 వద్ద ఖండిస్తుంది. చివరి 3ను 4 చేస్తే వక్రం మొత్తం ఒక్క మెట్టు పైకి జరిగి అక్షాన్ని 2 వద్ద తాకి ఊరుకుంటుంది. 5 చేస్తే అసలు తాకదు. విచక్షణి వరుసగా 4, 0, −4 అవుతుంది. విచక్షణి రుణమైతే వాస్తవ మూలాలు ఉండవని కంఠస్థం చేసిన బిడ్డ, ఎందుకు ఉండవో ఇక్కడ కంటితో చూస్తుంది.

పరాయి రాష్ట్రంలోని తెలుగు మాధ్యమ పాఠశాలకు ఈ పాఠంతో మరింత పని ఉన్నది. బరంపురం వంటి ఊళ్లలో బిడ్డకు ఇంట తెలుగు, అంగట్లో ఒడియా, రేపు కళాశాలలో ఇంగ్లీషు. వాలు అంటే ఇంటికప్పు వాలుగా ఆ బిడ్డకు ఇట్టే తెలుస్తుంది. సమీకరణం, సరళరేఖ అను మాటలు ఒడియా పుస్తకంలోనూ ఇంచుమించు ఇవే. కాని కళాశాల తొలి నెలలలో అవే భావాలు కొత్త పేర్లతో ఎదురైనప్పుడు, మాటను మాత్రమే బట్టీ పట్టిన విద్యార్థి ధైర్యం కోల్పోతాడు. తనకు గణితం రాదనుకొని ఆ మార్గమే విడిచిపెట్టే ప్రమాదమున్నది. రేఖను చూసి దాని కథ చెప్పగలిగిన విద్యార్థికి మారేది పేరు మాత్రమే. వాలు అదే, ఖండన బిందువు అదే. మాతృభాషలో అర్థమైన భావం ఏ భాషలోనికైనా వెంట వస్తుంది.

నేడు చేతిలోని ఫోను క్షణంలో గ్రాఫు గీస్తుంది. కనుక గీయడం కంటె చదవడం నేర్పవలసిన అవసరం పెరిగింది. ఉపాధ్యాయులు గీసిన ప్రతి రేఖ కింద రెండు వాక్యాలలో దాని అర్థం వ్రాయించాలి. తల్లిదండ్రులకు బీజగణితం రానక్కరలేదు. రాత్రి భోజనాలయ్యాక బిడ్డను మూడు ప్రశ్నలు అడిగితే చాలు: ఈ అక్షం దేనిని కొలుస్తున్నది? ఈ బిందువు ఏమి చెబుతున్నది? ఈ రెండు రేఖలు కలిసిన చోట ఏమి తేలింది? జవాబు తడబడితే కోపించక, మరునాడు మరల అడగాలి.

పూర్వ విద్యార్థులు ఈ సంచికను ఇంటికి తీసుకుపోయి, తమ పిల్లలతో ఒక గ్రాఫు కాగితం ముందు కూర్చుంటే, ఈ ఉత్సవం సార్థకమవుతుంది. అందరికీ శుభం కలుగుగాక.